పదో చప్పట

1983 నవంబరు 4, శుక్రవారం

ఈ పుస్తకం సినిమావాళ్ళిచ్చింది. షూటింగ్ ఆఖరి రోజున అందరికీ తలా ఒకటి పంచారు. తోలు అట్ట, లోపలంతా తెల్ల కాగితాలు. ఏడు నెలలుగా అలమరలో పడి ఉంది. సారా పీపాలు బిగించేవాడికి డైరీ దేనికని సలూద్ నవ్వింది. పెళ్ళాం నవ్వితే పట్టుదల వస్తుంది. ఇవాళ ఆ సినిమా మా ఊరు హెరెస్‌కి వచ్చింది కాబట్టి మొదలుపెడుతున్నాను, అంతకుమించి ఏమీ లేదు.

మొదటి ఆటకి సాంతియాగో పేట పేటంతా దిగింది. తొమాసత్త ఇంటి నుంచి దిండు తెచ్చుకుని రెండో వరసలో కూర్చుంది. ఎనభై రెండేళ్ళ మనిషి. ఈ పేటలో ఎవరి పాటయినా, ఎవరి ఆటయినా ఆమె చెవి దాటి పోవాల్సిందే. సలూద్ రాలేదు. మా అత్తగారు పోయి ఏడాది నిండలేదు. డిసెంబరు పదో తారీకు దాకా తనకి నల్లబట్టలే. సినిమా లేదు, పాట లేదు, రేడియో మీద కూడా గుడ్డ కప్పేసింది.

కథ అందరికీ తెలిసిందే. ఒక ఆడమనిషి, ఆమె వెంట పడ్డ ఇద్దరు మగాళ్ళు, చివర్లో కత్తి. ఎప్పుడో ఒక ఫ్రెంచాయన ఒపెరా కట్టాడు, ఇప్పుడు మావాళ్ళు దాన్ని నాట్యం చేశారు. మొదట కాసేపు ఒపెరా వాద్యాలు మోగాయి. హాలంతా దగ్గులు, పొద్దుతిరుగుడు గింజలు కొరికిన చప్పుళ్ళు.

"ఎవరన్నా పోయారా ఏంటే, ఈ ఏడుపు వాయిద్యం?" అంది తొమాసత్త, హాలు మొత్తానికి వినపడేలా.

గిటారు మొదలయ్యాక అందరూ సర్దుకుని కూర్చున్నారు. తర్వాత చాకిరేవు ఘట్టం. ఇద్దరు ఆడవాళ్ళు పోట్లాడుకుంటూ ఆడతారు. అక్కడ గిటారు లేదు, పాట లేదు. వాళ్ళ కాళ్ళు, మా చప్పట్లు, అంతే. మేమంటే నేనూ, సలూద్ తమ్ముడు బాస్తియానూ. ఇరవై రెండేళ్ళుగా చప్పట్లకి మేమిద్దరం జంట. ఒక చుట్టు నేను నడిపిస్తే వాడు ఎదురు తాళం వేస్తాడు, ఇంకో చుట్టు వాడు నడిపిస్తే నేను వేస్తాను. పదో దెబ్బ మాత్రం ఇద్దరం కలిసి కొట్టాలి. చుట్టుకి పన్నెండు దెబ్బలు, వాటిలో మిగతావి కాస్త అటూ ఇటూ అయినా కప్పేయొచ్చు. పదోది ముగింపు.

మా పేట జనం చేతులు కట్టుకుని సినిమా చూసే రకం కాదు. హాలు హాలంతా తెరతో పాటు చప్పట్లందుకుంది. మూడో చుట్టులో పదో దెబ్బ దగ్గర తెర మీంచి ఏమీ వినిపించలేదు. మూడు వందల మంది చేతులు గాల్లో ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడే తెర నిండా రెండు చేతులు, కొట్టబోయి ఆగిన చేతులు, మోచేతి పైన నల్ల పట్టీ. అత్తగారు పోయిన సంతాపానికి కట్టుకున్నది. ఆ పట్టీ బాస్తియాన్‌దని అందరికీ తెలుసు.

"అయ్యో, బాస్తియానూ!" అంది తొమాసత్త.

వాడు నా పక్క కుర్చీలోనే ఉన్నాడు. బూట్ల వైపు చూసుకున్నాడు. నేను తెర వైపే చూస్తున్నాను.

నవంబరు 5

మాద్రిద్‌లో ఫిల్ము ముక్కలు అతికించేవాడి నిర్వాకం ఇది. కత్తెరకి తాళమేం తెలుసు.

నవంబరు 6, ఆదివారం

చర్చి నుంచి అందరూ తిన్నగా మూల మీది బారుకి. దేశంలో ఇంకే సమస్యా లేనట్టు అదే మాట. కథానాయిక బాగుందన్నారు, నడుము బాగుందన్నారు, కాళ్ళు మాత్రం సెవిల్యా కాళ్ళని, మా ఊరి అడుగు కాదని పెదవి విరిచారు. చివర్లో ఆమెని పొడిచినవాడు కత్తి పట్టుకున్న తీరు చూస్తే వాడి జన్మలో ఉల్లిపాయ కూడా కోసి ఉండడని మంగలి లియాండ్రో తేల్చాడు. తర్వాత బాస్తియాన్ లోపలికొచ్చాడు.

"ఏరా, నీకు వేళ్ళు తక్కువయ్యాయా, తొమ్మిది దాకానే లెక్కొచ్చింది?" అన్నాడు లియాండ్రో.

"నీ కూతురి పెళ్ళికి తెల్లవార్లూ కొట్టానుగా. అప్పుడు లెక్కపెట్టుకోలేదా?"

మామూలుగా అయితే దీనికి బారంతా నవ్వాలి. ఒక్కడు నవ్వలేదు. బాస్తియాన్ నా వైపు చూశాడు. నేను గ్లాసు వైపు చూశాను.

"ఎడిటింగులో ఎగిరిపోయి ఉంటుందిలే," అన్నాను.

"ఎడిటింగయితే బొమ్మ గెంతాలి కదా తోబలూ," అన్నాడు లియాండ్రో. "గెంతలేదు. చేతులు ఆగాయి. మేం చూశాం."

అదీ నిజమే. బొమ్మ గెంతలేదు.

నవంబరు 9

వర్క్‌షాప్‌లో పని తక్కువగా ఉంది. బయట ఒకటే చలి. థియేటర్లో వెచ్చగా ఉంటుందని మధ్యాహ్నం ఆటకి వెళ్ళాను.

ఈ ఆటకి వచ్చేది వేరే జనం. లాయర్లు, సారా కంపెనీల దొరల భార్యలు. ఒపెరా వాద్యాలకి వీళ్ళు దగ్గరు, కళ్ళు మూసుకుంటారు. కత్తి దగ్గర ఒకావిడ వెక్కి వెక్కి ఏడ్చింది. చాకిరేవు ఘట్టంలో ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. పదో దెబ్బ పోయిన సంగతే వాళ్ళకి తెలియదు. హాయిగా అనిపించింది.

అక్కడ తెర ఎడమ అంచు ఎవరూ చూడలేదు.

నవంబరు 10

మళ్ళీ వెళ్ళాను. వెచ్చదనం కోసమే.

నవంబరు 13, ఆదివారం

మాద్రిద్ పేపరు వచ్చింది. సినిమా గురించి పేజీ మొత్తం రాశారు. చాకిరేవు ఘట్టంలో చప్పట్లు ఒక్క క్షణం ఆగడాన్ని 'ధైర్యమైన నిశ్శబ్దం' అన్నాడు రాసినాయన. రాబోయే చావుకి అది సూచన అట.

చదివిన కొద్దీ నాకూ అలాగే తోచింది. అనుకుని ఆపితే ఇంత బాగా కుదిరేదా? పేపరు మడిచి తొమాసత్త దగ్గరికి తీసుకెళ్ళి చదివి వినిపించాను. ఆమె బాదం గింజలు ఒలుస్తూ విన్నది.

"ఆయనకి చప్పట్లు కొట్టడం వచ్చా?"

"రాయడం వచ్చు అత్తా."

"అయితే రాసుకోనీ. పదోది పడలేదు. నా చెయ్యి ఆగిపోయిందిరా ఒరేయ్. పుట్టి బుద్ధెరిగాక నా చెయ్యి అలా ఆగలేదు."

పేపరు బూట్లలో పెట్టాను, తడి పీలుస్తుంది.

నవంబరు 18

మా వీధి సంఘం మీటింగు. డిసెంబరు 17న సాంబోంబా. క్రిస్మస్ ముందు ప్రతి ఏడూ చేసేదే. పెద్ద లోగిలి మధ్య మంట వేసుకుని, చుట్టూ కూర్చుని పొద్దుపోయేదాకా పాటలు. ఈ నెలన్నరలో బాస్తియాన్‌కి ఊపిరి సలపదు, ఊళ్ళో ప్రతి లోగిలికీ వాడు కావాలి. నాకైతే పీపాల పని ఉంది. వాడికి చప్పట్లే కూడు.

సంఘం పెద్ద డాన్ హిలారియో గొంతు సవరించుకున్నాడు.

"తోబల్ ఉంటాడు. బాస్తియాన్ సంగతి… ఈ ఏడు వద్దనుకుంటున్నాం. రేడియోవాళ్ళు వస్తున్నారు. వాళ్ళ ముందు మళ్ళీ అలాంటిది జరిగితే?"

"జంట కదా," అన్నాడు గిటారు వాయించే ఎలోయ్. "తోబల్ ఏమంటాడు?"

అందరూ నా వైపు చూశారు. సంఘం నిర్ణయం ఏదైతే అదేనన్నాను. నా చేతిలో ఏముంది? బాస్తియాన్ బదులు, కొత్తగా చప్పట్లు నేర్చిన ఆ లూసియోని కూర్చోబెడతారట.

నవంబరు 20

సలూద్ అన్నం దగ్గర అడిగింది.

"ఏమయ్యా, నువ్వు పక్కనే ఉన్నావుగా. మా తమ్ముడు నిజంగా తప్పాడా?"

"చేతులు ఆగడం తెర మీద కనిపిస్తోంది."

ఇందులో అబద్ధమేం లేదు. కనిపించేదే చెప్పాను. తను శనగల గిన్నె ముందు పెట్టుకుని చాలాసేపు తినలేదు. అమ్మ బతికి ఉంటే వాడి చెవి మెలిపెట్టేదని, వాడు చిన్నప్పుడు ఉయ్యాల్లోనే తాళం వేసేవాడని చెప్పింది. ఈ మాట ఇరవై ఏళ్ళుగా వింటున్నాను. ఇవాళ మాత్రం లేచి బయటికి వెళ్ళిపోయాను.

నవంబరు 24

బాస్తియాన్ వర్క్‌షాప్‌కి వచ్చాడు. నేను పీపాకి ఇనప కట్టు దిగ్గొడుతున్నాను. సుత్తి దెబ్బలకి వాడి చెయ్యి దానంతటదే తొడ మీద తాళం వేస్తోంది.

"ఆలివ్ తోటలకి పోతున్నా బావా. కోతలు మొదలయ్యాయి."

"నువ్వా? ఆ కొమ్మలకి చేతులు చీరుకుపోతాయి."

"ఇప్పుడు వీటితో పనేముందిలే."

పీపా తిప్పి రెండో కట్టు ఎక్కించాను. వాడు నిలబడే ఉన్నాడు.

"నువ్వేమన్నా చెప్పాలా బావా?"

"నేనేం చెప్పాలి?"

"ఏం లేదు. ఊరికే అడిగా."

వెళ్ళేటప్పుడు తలుపు మెల్లిగా వేశాడు. వాడెప్పుడూ దభాలున వేస్తాడు.

నవంబరు 29

లూసియోతో సాధన. చేతికి తొడుగులేసుకున్నట్టు కొడతాడు. తప్పులేం లేవు. ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాను, ఎందుకో మరి.

డిసెంబరు 3

పదకొండోసారి వెళ్ళాను. మంగలి లియాండ్రో పక్కనే కూర్చుని చూశాడు. తొమాసత్త రెండోసారి వచ్చింది. అందరి కళ్ళూ నల్ల పట్టీ మీదే. ఎడమ అంచు ఎవరూ చూడలేదు.

ఇంకో వారమే ఆడుతుందట. పదకొండో తారీకు ఆదివారం ఆఖరి ఆట.

డిసెంబరు 10, శనివారం

అత్తగారి సంవత్సరీకం. పొద్దున చర్చిలో ప్రార్థన. బాస్తియాన్ తోట నుంచి వచ్చాడు. పక్కన మోకరిల్లితే వాడి చేతులు చూశాను. వేళ్ళన్నీ గీతలు, గోళ్ళ చుట్టూ పుళ్ళు.

మధ్యాహ్నం సలూద్ నల్లబట్టలు మడతపెట్టింది. నీలం గౌను వేసుకుని అద్దం ముందు నిలబడింది. రేడియో మీది గుడ్డ తీసింది.

"రేపు సినిమాకి పోదాం," అంది.

"నీకు నచ్చదులే. అంతా ఏడుపు."

"మొగుడు సినిమాలో పడితే ఊరంతా చూసింది, నేను చూడొద్దా?"

"జలుబు చేసింది కదా నీకు."

"ఎప్పుడు?"

డిసెంబరు 11, ఆదివారం

వెళ్ళాం. తను గింజల పొట్లం ఒళ్ళో పెట్టుకుంది కానీ విప్పలేదు.

చాకిరేవు ఘట్టం వచ్చింది. చుట్టూ అందరూ చప్పట్లందుకున్నారు. సలూద్ కొట్టలేదు. మొదటి నుంచి తన చూపు తెర ఎడమ అంచు మీదే ఉంది. మొగుడు తెర మీద ఉంటే పెళ్ళాం ఇంకెవర్ని చూస్తుంది? ఐదు వారాల్లో ఈ సంగతి నాకు ఒక్కసారీ తట్టలేదు.

బయటికొచ్చి చర్చి దాకా నడిచాక అంది.

"జుట్టుకి నూనె బాగా పట్టించారే."

"మేకప్ పిల్ల పట్టించింది."

ఇంకో పాతిక అడుగులు.

"పైకెందుకు చూశావు?"

"ఎక్కడ?"

"ఆ ఎర్ర పావడా పిల్ల మడమ కొట్టినప్పుడు. తలెత్తి సూటిగా చూశావు. నన్నే చూస్తున్నావనిపించింది. ఒక్క క్షణం సంతోషపడ్డా కూడాను. ఆ తర్వాతేగా మా వాడి చేతులు ఆగింది."

తను ఆగి నా చొక్కా చెయ్యి పట్టుకుంది, మోచేతి పైన.

"మరి మా అమ్మ పట్టీ ఏదయ్యా? వాడికుంది. నీకు లేదు. షూటింగుకి పోయే పొద్దున నేనే కట్టి పంపాను."

డిసెంబరు 12

ఒకసారి రాసేస్తే పోతుంది.

ఆ పట్టీ నేనే తీసి జేబులో పెట్టుకున్నాను. గళ్ళ చొక్కా మీద బాగాలేదంది మేకప్ పిల్ల. నాది సినిమాకి పనికొచ్చే మొహం అని కూడా అంది. నాకు యాభై మూడేళ్ళు. అంతవరకూ ఎవరూ ఆ మాట అనలేదు.

కెమెరా పట్టాల మీద మెల్లిగా మా వైపు వస్తోంది. దానివైపు చూడొద్దని ముందే చెప్పారు. మూడో చుట్టులో అది దగ్గరికొచ్చిందని నాకు తెలిసింది. తలెత్తాను. ఎలా కనిపిస్తున్నానో అనుకున్నాను. అంతే. నా తొమ్మిదో దెబ్బ ఆలస్యమయింది. అది ఆ పిల్ల మడమ చప్పుడులో కలిసిపోయింది కాబట్టి బయటివాళ్ళకి తెలియలేదు. పక్కనున్నవాడికి తెలుస్తుంది. పదోది ఇద్దరిదీ. నేను ఎక్కడున్నానో తెలియక బాస్తియాన్ చేతులు ఆపి నా కోసం చూశాడు. నా పదోది పడనే లేదు. కెమెరా సరిగ్గా ఆ చేతుల మీదికి వెళ్ళింది.

షాట్ అయ్యాక బాస్తియాన్ లేచి డైరెక్టర్ దగ్గరికెళ్ళి, ఇంకొక్కసారి తీయమని బతిమాలాడు. ఏం, బాగానే వచ్చిందిగా అన్నాడాయన, నా వైపు చూసి. అప్పుడు నేను, "చాలు సార్, అద్భుతంగా వచ్చింది. మా బామ్మర్దికి కెమెరా అంటే భయం," అన్నాను.

అందరూ నవ్వారు. వాడు కూర్చున్నాడు.

వాడికి మొదటి నుంచీ తెలుసు. జంటలో తప్పు జంటలోనే ఉండాలి, బయట పెట్టకూడదు. మాలో అది పద్ధతి. వాడు ఆ పద్ధతి మీద నిలబడ్డాడు. నేను దాని చాటున దాక్కున్నాను.

డిసెంబరు 13

సలూద్ నల్ల పట్టీ ఎక్కడో వెతికి నా కంచం పక్కన పెట్టింది.

డిసెంబరు 14

ఇవాళా పెట్టింది.

డిసెంబరు 16

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అంది. ఐదు రోజుల తర్వాత మొదటి మాట.

డిసెంబరు 17, శనివారం

మధ్యాహ్నానికే లోగిలి నిండిపోయింది. మంట రాజుకుంది. ఆడవాళ్ళు పిండివంటలు వేయించి తేనెలో వేస్తున్నారు. రేడియో మనుషులు తీగలు లాగుతున్నారు, పొద్దుపోయాక కనబడటానికి ఒక పెద్ద దీపం నిలబెడుతున్నారు. సలూద్ ఎలా ఒప్పించిందో, బాస్తియాన్ వచ్చి గుమ్మం దగ్గర గోడకానుకుని ఉన్నాడు, చేతులు వెనక దాచుకుని.

ఎలోయ్ పక్కన నా కుర్చీ వేసి ఉంది, దాని పక్కన లూసియో. నేను కూర్చోలేదు. చొక్కా చేతికి పట్టీ కట్టుకుని వచ్చాను. ఏడాది దాటాక కట్టుకున్నందుకు ఇద్దరు ముసలమ్మలు అప్పటికే గుసగుసలాడుతున్నారు. తొమాసత్త ముందుకెళ్ళి నిలబడ్డాను.

"అత్తా, సినిమాలో తాళం తప్పింది నేను. వాడు కాదు."

"ఏంట్రా?"

"కెమెరాలోకి చూశాను. తొమ్మిదోది ఆలస్యమయింది. వాడు నా కోసం ఆగాడు. ఇంకోసారి తీయమని వాడు అడిగితే, నేనే వద్దన్నాను."

లోగిలి అంతా ఆగింది. నూనెలో పిండివంట చిటపటలాడుతోంది, దాన్ని తియ్యాలన్న ధ్యాస ఎవరికీ లేదు. నేను ఏడుస్తాననుకున్నాను, ఏడుపు రాలేదు. సిగ్గు మాత్రం నిలువునా దహించింది.

"సినిమా వచ్చి ఎన్నాళ్ళయింది?" అంది తొమాసత్త.

"ఆరు వారాలు."

"ఆరు వారాలు దాచి, వాడిచేత ఆలివ్ కాయలు కోయించావా?" చేతికర్రతో నా మోకాలి మీద ఒక్కటిచ్చింది. గట్టిగానే తగిలింది. "చేతులు తప్పుతాయిరా వెధవా, మనుషులం. నోరేమయింది నీకు?"

డాన్ హిలారియో టోపీ తిప్పుకుంటున్నాడు. లియాండ్రో గుమ్మం వైపు వెళ్ళి బాస్తియాన్‌కి గ్లాసు అందించాడు, మొహం చూడకుండా. వాడు తీసుకోలేదు. నేరుగా నా దగ్గరికొచ్చాడు.

"ప్రతి పొద్దునా ఇవాళ చెప్తావనుకునేవాణ్ణి బావా," అన్నాడు. "లెక్కపెట్టాను కూడా. నాకు లెక్క బాగానే వచ్చు."

"నన్ను తిట్టరా."

"అక్క తిడుతుందిలే."

నా కుర్చీలో కూర్చున్నాడు. లూసియోని పక్కన ఉండమన్నాడు. ఎలోయ్ తీగలు సరిచూసుకున్నాడు. నన్నెవరూ కూర్చోమనలేదు, వెళ్ళమనీ అనలేదు. ఆడవాళ్ళ వెనక చోటు చూసుకుని జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డాను. ముప్ఫై ఏళ్ళలో చేతులు కట్టేసుకుని పాట వినడం ఇదే మొదటిసారి. సలూద్ వచ్చి పక్కన నిలబడింది. నా వైపు చూడలేదు కానీ అక్కడే నిలబడింది.

ఆ గీసుకుపోయిన చేతులతో వాడు కొట్టిన తీరు నేను రాయలేను. మొదటి పాట, రెండో పాట. రేడియో మనిషి నోరు తెరుచుకుని వింటున్నాడు. మూడో పాట మధ్యలో గిటారు ఆగింది, పాట ఆగింది, చప్పట్లు మాత్రమే మిగిలాయి. ఏడు, ఎనిమిది, తొమ్మిది. పదోదానికి బాస్తియాన్ చేతులెత్తి గాల్లో ఆపాడు. కావాలనే ఆపాడు. లూసియో భుజాన్ని మోచేత్తో నొక్కి వాణ్ణీ ఆపాడు. లోగిలిలో ఒక్క చెయ్యి కదల్లేదు. ఆ ఖాళీ ఎవరిదో అందరికీ తెలుసు.

నా చేతులు జేబుల్లోంచి ఎప్పుడొచ్చాయో తెలియదు. కొట్టాను. సమయానికే పడింది.

రేడియోవాళ్ళ దీపం నా మొహం మీదికి తిరిగింది. ఈసారి తలెత్తలేదు.